ఫీజు సరే, బువ్వ ఎవరిది?

పోస్టు కొంచెం పొడుగు ఉంటది. జుమ్మా రోజు తీరిగ్గా చదవండి.

వీసా వచ్చిందంటే మనం ఏజెంటును మొదట అడిగేది జీతం ఎంత అని. వెంటనే రెండో మాట, "ఖానా, రూం కంపెనీదా, మనదా?" అని. ఎందుకంటే మనకు తెలుసు. జీతం కాగితం మీద ఎంత ఉన్నా, తిండి, రూం మన జేబులోంచే అయితే ఇంటికి పోయేది సగమే. ఈ లెక్క మనకు ఎవరూ నేర్పలేదు, పడి నేర్చుకున్నాం.

అదే మనం కొడుకునో బిడ్డనో హాస్టల్‌లో ఉండి చదివే యూనివర్సిటీలో చేర్పించేటప్పుడు మాత్రం "ఫీజు ఎంత?" అని ఒక్కటే అడిగి ఊరుకుంటున్నాం. ట్యూషన్ ఫీజు కట్టినం, అయిపోయింది అనుకుంటాం. తర్వాత మెస్ అడ్వాన్సు అంటారు, కాషన్ డిపాజిట్ అంటారు, పరీక్ష ఫీజు అంటారు. ఇంటి నుంచి ఫోన్ వస్తే ఇక్కడ మనం ఎవరి దగ్గర చేబదులు దొరుకుతదా అని చూస్తాం. ఇది ఒక ఇంటి కథ కాదు, మన రూముల్లో సగం మందిది. అందుకే మా రూంలో నలుగురం కూర్చుని ఈ హాస్టల్ చదువు ఖర్చు ఎక్కడ మొదలైంది, ఎవరు మోశారు, మన మీదికి ఎట్లా వచ్చింది అని వెతికినం. తెలిసింది రాస్తున్నాం.

మొదట పాత కాలం. బీహార్‌లోని నలందా పేరు అందరం విన్నదే. 7వ శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన హ్యూయన్ త్సాంగ్ అక్కడ ఉండి చదువుకున్నాడు. ఆయన జీవిత చరిత్రలో నలందాకు డబ్బు ఎక్కడిదో రాసి ఉంది. రాజు సుమారు 100 ఊళ్ల ఆదాయాన్ని ఆ విహారానికి రాసిచ్చాడట. ఆ ఊళ్లలోని 200 ఇళ్లవాళ్లు రోజూ బియ్యం, వెన్న, పాలు పంపేవాళ్లట. అందువల్ల విద్యార్థులు బట్టకు, బువ్వకు, పడకకు, మందుకు ఎవరినీ అడగాల్సిన పని లేకుండా చదువుకునేవాళ్లు. అదే శతాబ్దం చివర్లో వచ్చిన ఇత్సింగ్ నాటికి ఆ ఊళ్లు 200 దాటాయి. చదువు ఉచితం అని మనం ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఖర్చు ఎక్కడికీ పోలేదు. పొలం దున్నిన రైతు మోశాడు.

మన తెలుగు నేల మీదా ఇట్లాంటి లెక్క రాతి మీద చెక్కి ఉంది. గుంటూరు జిల్లా మల్కాపురం శాసనం, 1261 నాటిది. కాకతీయ గణపతిదేవుడు తన గురువు విశ్వేశ్వర శంభుకు మందడం ఊరిని ఇచ్చాడు. రుద్రమదేవి దానికి వెలగపూడిని కూడా కలిపి ఇచ్చింది. ఆ ఊళ్ల ఆదాయంతో గుడి, మఠం, విద్యార్థుల పోషణ, అన్నసత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడిచాయి. వేదం, వ్యాకరణం, తర్కం, సాహిత్యం చెప్పే అయ్యవార్లకు, ఒక వైద్యుడికి కూడా భూమి ఇచ్చారు. అన్నసత్రంలో అన్ని కులాలవాళ్లకూ అన్నం పెట్టాలని రాశారు. చదువు మాత్రం అన్ని కులాలకూ కాదు. అది కూడా మనం మరువొద్దు.

ఇప్పుడు అదే వెలగపూడిలో ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉంది. ఆ చుట్టుపక్కలే 2017 నుంచి ప్రైవేటు యూనివర్సిటీలు నడుస్తున్నాయి, ఏడాది ఫీజు లక్షల్లో. ఒకప్పుడు ఊరి పంట విద్యార్థికి పోయింది. ఇప్పుడు ఊరి పంట, దాంతోపాటు గల్ఫ్ జీతం కలిపి విద్యార్థి ఫీజుకు పోతోంది.

ఇక ఇంగ్లీషువాళ్ల కాలం. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు పెట్టారు. అవి మనం అనుకునే క్యాంపస్‌లు కావు. లండన్ యూనివర్సిటీ పద్ధతిలో పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేవి, అంతే. చదువు కాలేజీల్లో. విద్యార్థి ఎక్కడ ఉంటాడు, ఏం తింటాడు అన్నది వాడి పాట్లు. పట్నంలో చుట్టాలున్నవాడు, సత్రంలోనో వారాలబ్బాయిగానో నెట్టుకొచ్చేవాడు చదివాడు. వారాలు అంటే మన పెద్దవాళ్లకు తెలుసు. వారంలో రోజుకో ఇంట్లో భోంచేసి చదువుకోవడం. అది కూడా కులం చూసే దొరికేది.

విద్యార్థులు ఒకేచోట ఉండి చదివే యూనివర్సిటీ కావాలని 1917లో వేసిన శాడ్లర్ కమిషన్ గట్టిగా చెప్పింది. 1921లో ఢాకా యూనివర్సిటీ ఆ పద్ధతిలో మొదలైంది. అంతకుముందే 1918లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాతో హైదరాబాద్‌లో ఉస్మానియా వచ్చింది. ఉర్దూలో చదువు, ఖర్చు సర్కారు ఖజానాది. అదే 1918లో కొత్వాల్ రాజా బహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ పెట్టారు. ఎందుకు? జిల్లాల నుంచి వచ్చే పిల్లలకు కాలేజీ ఉంటే సరిపోదు, ఉండడానికి చోటు, తినడానికి అన్నం కావాలి. డబ్బున్న కులాలవాళ్లు తమ పిల్లలకు హాస్టళ్లు కట్టుకోగలిగారు. కట్టుకోలేని కులాల పిల్లలు ఊళ్లోనే ఆగిపోయారు. ఆ తేడా ఫీజు వల్ల వచ్చింది కాదు. గది వల్ల, కూడు వల్ల వచ్చింది.

గది ఎవరిదో వాళ్లదే పెత్తనం అన్నది కూడా అప్పుడే బయటపడింది. 1938లో ఉస్మానియా హాస్టల్లో విద్యార్థులు వందేమాతరం పాడినందుకు మొదట హాస్టల్ నుంచి, తర్వాత యూనివర్సిటీ నుంచి వెళ్లగొట్టారు. చాలామందిని నాగపూర్ యూనివర్సిటీ చేర్చుకుంది. ఆ ఉద్యమం వల్ల నాగపూర్ వెళ్లి చదివినవాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. ఉండే చోటు పోతే చదువూ పోతుందని మనకు వేరే చెప్పాలా? కంపెనీ క్యాంపు నుంచి పొమ్మంటే పని కూడా పోయినట్టే కదా.

అసలు మలుపు 1944లో వచ్చింది. డాక్టర్ అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో సభ్యుడిగా ఉన్న కాలం అది. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. ఇప్పటి ఆ స్కాలర్‌షిప్‌లో రెండు ముక్కలుంటాయి. ఒకటి కాలేజీకి కట్టే ఫీజు. రెండోది మెయింటెనెన్స్, అంటే బతుకు ఖర్చు. హాస్టల్లో ఉండేవాళ్లకు ఒక రేటు, ఇంటి నుంచి వచ్చిపోయేవాళ్లకు ఇంకో రేటు. చదువు వేరు, బతకడం వేరు, రెండూ చూడకుంటే పేదవాడు నిలవడు అన్న తెలివి ఆ పథకంలో ఉంది. ఈ రోజుకీ మన పిల్లల స్కాలర్‌షిప్‌ను ఆర్‌టీఎఫ్, ఎంటీఎఫ్ అని రెండుగా పిలిచేది అందుకే. మొదటిది ట్యూషన్ ఫీజు, రెండోది మెయింటెనెన్స్ ఫీజు.

స్వాతంత్ర్యం తర్వాత 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల వచ్చింది. అప్పుడు ముఖ్యమంత్రి అదే పి.వి. చదువు, పడక, తిండి మూడూ సర్కారువే. తర్వాత గురుకులాలు వందల సంఖ్యకు పెరిగాయి. మన ఊళ్లలో గురుకులంలో చదివి పైకొచ్చిన పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుంటే ఆ మూడూ కలిపి ఇవ్వడం ఎంత పని చేసిందో తెలుస్తుంది.

ఇదే పద్ధతిని యూనివర్సిటీకి తెచ్చింది 2008లో. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం బాసర, నూజివీడు, ఇడుపులపాయలో ఆర్‌జీయూకేటీ పెట్టింది. మనం ట్రిపుల్ ఐటీ అని పిలిచేది అదే. పదో తరగతి మార్కులతో ఊరి పిల్లలను తీసుకుని ఆరేళ్లు అక్కడే ఉంచి ఇంజనీరింగ్ చదివించడం. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఆ రోజుల్లోనే పెద్ద ఎత్తున మొదలైంది. నిర్మల్, నిజామాబాద్, జగిత్యాల నుంచి దుబాయి, మస్కట్ వచ్చినవాళ్ల పిల్లలు ఎంతోమంది బాసరలో చదివారు. కానీ అక్కడ కూడా గొడవ ఎక్కడ వచ్చింది? 2022 జూన్‌లో బాసర విద్యార్థులు ఎండలో, వానలో వారం రోజులు గేటు దగ్గర కూర్చున్నారు. రెగ్యులర్ వీసీ కావాలి, లెక్చరర్లు కావాలి, మెస్ బాగుపడాలి అని. మరుసటి నెలలోనే మెస్‌లో తిని చాలామంది ఆస్పత్రి పాలయ్యారు. ట్యూషన్ సర్కారు కట్టినా, కంచంలో ఏం పడుతోంది అన్నది వేరే ప్రశ్నగా మిగిలింది.

మిగతా చోట్ల సంగతీ చూడండి. 2016లో ఐఐటీల ట్యూషన్ ఫీజు ఏడాదికి 90,000 నుంచి 2 లక్షలకు పెంచారు. ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకు, ఏడాది ఆదాయం లక్ష లోపు ఉన్న ఇంటి పిల్లలకు పూర్తి మాఫీ. లక్ష నుంచి 5 లక్షల వరకు ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. మంచిదే. కానీ ఆ మాఫీ ట్యూషన్‌కే, మెస్ బిల్లు వేరే. 2019లో ఢిల్లీ జేఎన్‌యూలో పిల్లలు రోడ్డెక్కింది కూడా ట్యూషన్ కోసం కాదు. సింగిల్ రూం అద్దె నెలకు 20 రూపాయల నుంచి 600 చేస్తామన్నారు, పైగా నెలకు 1,700 సర్వీస్ చార్జీ అన్నారు. టీవీలో "20 రూపాయలకు గది కావాలట" అని నవ్వినవాళ్లు ఆ 1,700 గురించి మాట్లాడలేదు.

మన రాష్ట్రాల్లో 2020లో ఆంధ్రప్రదేశ్ ఫీజుకు విద్యా దీవెన, హాస్టల్ తిండికి వసతి దీవెన అని రెండు వేర్వేరు పథకాలు పెట్టింది. వసతి దీవెన కింద డిగ్రీ, ఆపై చదువులకు ఏడాదికి 20,000 ఇచ్చేవాళ్లు. తెలంగాణలో సర్కారు హాస్టల్లో ఉండే కాలేజీ విద్యార్థి డైట్ చార్జీ ఎన్నో ఏళ్లు నెలకు 1,500 దగ్గరే ఆగింది. అంటే రోజుకు 50 రూపాయలు. 2024 చివర్లో దాన్ని 2,100 చేశారు, రోజుకు 70. మూడు పూటలకు 70 రూపాయలు అంటే ఏం వస్తదో కూరగాయలు కొనేవాళ్లను అడగండి. సర్కారు ఇచ్చేదానికి, నిజంగా అయ్యేదానికి మధ్య ఉన్న గ్యాపు ఎవరు నింపుతున్నారు? మనమే. ఓవర్‌టైం చేసి.

ఇదంతా చదివి చివరికి మాకు అర్థమైంది ఒక్కటే. హాస్టల్ చదువులో బువ్వ ఖర్చును ఎవరో ఒకరు మోయాల్సిందే. ఒకప్పుడు ఊళ్లు మోశాయి, తర్వాత ఖజానా, తర్వాత కులం హాస్టల్, తర్వాత సర్కారు. సర్కారు ఎక్కడ చెయ్యి తీస్తదో అక్కడ తండ్రి భుజం వంగుతది. అందుకే చేర్పించే ముందే, వీసా కాగితం చూసినట్టు ఆ కాగితం కూడా చూడాలి. అడగాల్సినవి ఇవి:

– ట్యూషన్, హాస్టల్ అద్దె, మెస్ మూడూ విడివిడిగా ఎంతెంత? మొత్తం ఒకే అంకె చెబితే విడగొట్టి రాసిమ్మనండి.

– మెస్ ఫిక్స్‌డా, డివైడింగా? డివైడింగ్ అంటే మన రూం మెస్ లాంటిదే. నెలలో అయిన ఖర్చును తిన్నవాళ్ల మీద పంచుతారు. సరుకుల ధర పెరిగితే బిల్లు పెరుగుతది. సెలవుల్లో ఇంటికి పోతే తగ్గిస్తారా, లేదా?

– మెస్ పైసలు పది నెలలకా, పన్నెండు నెలలకా?

– కాషన్ డిపాజిట్ తిరిగి ఎప్పుడు ఇస్తారు? రసీదు జాగ్రత్త.

– రీయింబర్స్‌మెంట్ కాలేజీ ఖాతాకా, పిల్లల ఖాతాకా? లేటయితే ముందు మనల్ని కట్టమంటారా? ఇది నోటి మాటగా వద్దు.

– ఏడాది లెక్క కాదు, చదువు మొత్తానికి లెక్క. నాలుగేళ్లయితే నాలుగుతో, ఆరేళ్లయితే ఆరుతో గుణించండి. దాన్ని మన నెల జీతంతో భాగించి చూడండి.

ఇంకో ముక్క. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని, చేరి మానేస్తే గడువును బట్టి ఫీజు వాపస్ ఇవ్వాలని యూజీసీ 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ నోటిఫికేషన్ ప్రకారం అడ్మిషన్ల ఆఖరు తేదీకి 15 రోజుల ముందే మానుకుంటే ఫీజు దాదాపు మొత్తం వాపస్, ఆ తేదీ దాటి 30 రోజులు మించితే ఏమీ రాదు. పిల్లగానికి వేరే చోట సీటు వస్తే తేదీలు చూసుకోండి, ఆలస్యం చేయొద్దు.

ఇంట్లో ఫోన్ మాట్లాడేటప్పుడు "మంచిగ చదువుతున్నవా" అని అడుగుతాం. "మంచిగ తింటున్నవా, మెస్ ఎట్లుంది" అని కూడా అడుగుదాం. పిల్లలు మనకు బరువు కావొద్దని మెస్ బిల్లు సంగతి దాస్తారు. ఒక పూట మానేసి సర్దుకునేవాళ్లూ ఉన్నారు. మనం ఇక్కడ ఖుబ్బూస్, పప్పుతో సర్దుకునేది వాళ్లు అక్కడ పస్తుండడానికి కాదు కదా.

మీ పిల్లలు చదివే చోట ట్యూషన్ ఎంత, రూం ఎంత, మెస్ ఎంత పడుతోందో కింద రాయండి. వచ్చే జూన్‌లో సీటు కోసం తిరిగేవాళ్లకు పనికొస్తది.