రైలెక్కిన బంగారు తీగ

1877 మే 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో, డ్రూయిడ్ హిల్ పార్కు చెరువులకు 345 చేపలు చేరాయి. జర్మనీ నుంచి అట్లాంటిక్ దాటించి వాటిని తెచ్చినవాడు రుడాల్ఫ్ హెస్సెల్, తెప్పించింది అమెరికా ప్రభుత్వం. మన చేపల అంగళ్లలో బంగారు తీగ అని అమ్మే కామన్ కార్ప్ ఇదే. ఈరోజు అమెరికాలో చాలా చెరువులకు ఈ చేప పెద్ద బెడద. ఆక్రమణ జాతి అనగానే దొంగదారిన చొరబడిందేదో అనిపిస్తుంది గానీ, దీన్ని పిలిచి పీట వేసింది సర్కారే.

డాన్యూబ్ నది, నల్ల సముద్రం, కాస్పియన్ పరివాహకాలు ఈ చేప సొంతగడ్డ. అక్కడి నుంచి పడమటికి దాన్ని మోసుకెళ్లింది ఎక్కువగా మతమే. ఉపవాస దినాల్లో మాంసం ముట్టని క్రైస్తవులకు చేప నిషిద్ధం కాదు. అందుకే మధ్యయుగాల్లో మఠాల వాళ్లూ జమీందార్లూ చెరువులు తవ్వించి కార్ప్ పెంచారు. ఇప్పటి చెక్ దేశంలోని బొహీమియాలో 1590లో పూర్తయిన రోజ్‌ంబెర్క్ చెరువులో ఇప్పటికీ కార్ప్ సాగు సాగుతోంది. చెక్ ఇళ్లలో క్రిస్మస్ ముందు రాత్రి భోజనంలో ఆ చేప లేకపోతే పండగే కాదు.

ఈ రుచి మరిగినవాళ్లే లక్షలుగా అమెరికాకు వలస వెళ్లారు. అక్కడ చూస్తే మిల్లుల ఆనకట్టలూ మితిమీరిన వేటా తూర్పు నదులను ఖాళీ చేస్తున్నాయి. 1871లో ప్రభుత్వం చేపల కమిషన్‌ను నెలకొల్పి, ప్రకృతి శాస్త్రవేత్త స్పెన్సర్ బెయిర్డ్‌కు అప్పగించింది. ఆయన కన్ను కార్ప్ మీద పడింది. త్వరగా పెరుగుతుంది, ఏది దొరికితే అది తింటుంది, మురికి నీటిలోనూ బతుకుతుంది, లక్షల్లో గుడ్లు పెడుతుంది. పేదవాడి చెరువుకు ఇంతకన్నా ఏం కావాలి?

నిజానికి సర్కారుకన్నా ముందే ఒక రైతు దీన్ని పరీక్షించి చూశాడు. 1872లో జూలియస్ పోప్ జర్మనీలో 83 కార్ప్‌లతో బయలుదేరితే, కాలిఫోర్నియాలోని సొనోమా చేరేసరికి మిగిలినవి అయిదే. కొన్నేళ్లలో వాటి సంతానం వేలకు చేరి అమ్మకానికి వచ్చింది. బెయిర్డ్‌కు నచ్చిన సంతానవృద్ధి గుణం అయిదు చేపలతోనే రుజువైందన్నమాట.

బాల్టిమోర్ చేపల్లో కొన్ని మరుసటి ఏడు వాషింగ్టన్ చేరాయి. నిధులు లేక సగంలో ఆగిన వాషింగ్టన్ స్మారక స్తంభం పక్కనే వాటికి చెరువులు కట్టారు. స్తంభం లేవకముందే పిల్లలు సిద్ధమయ్యాయి! ఆ తర్వాత జరిగింది చేపల పెంపకం కంటే రాజకీయానికే దగ్గర. కార్ప్ కావాలనే దరఖాస్తులు కాంగ్రెస్ సభ్యుల ద్వారా వచ్చేవి. చేపపిల్లలు ఇప్పించడమంటే ఓటరుకు మేలు చేయడమే. ఒక్క 1883లోనే సుమారు 2,60,000 చేపలు 9,872 మందికి అందాయి. దేశంలోని 301 కాంగ్రెస్ నియోజకవర్గాల్లో 298కి అవి చేరాయి. 1881 నుంచి ఈ పని కోసమే కట్టిన రైలు పెట్టెలు తిరిగాయి. ఏ చేపా సొంతంగా ఈదుకుంటూ ఇంత వేగంగా ఖండాన్ని చుట్టలేదు.

వరదలొచ్చాయి, గట్లు తెగాయి, చెరువు చేప నదిలో పడింది. అది అడుగున బురదను నోటితో పీల్చి, తిండి ఏరుకుని, మిగతాది ఊసేస్తుంది. మొక్కలు వేళ్లతో సహా లేస్తాయి, నీరు బురదవుతుంది, ఎండ అడుగుకు దిగదు. విస్కాన్సిన్‌లోని కోష్కొనాంగ్ సరస్సు నీటిగడ్డికీ, దాన్ని మేసే అడవి బాతులకూ పేరుపడ్డది. కార్ప్ వచ్చాక ఆ గడ్డి పలచబడింది, బాతులు తగ్గాయి, వేటగాళ్లు తిట్టిపోశారు. తినేవాళ్లకూ మొహం మొత్తింది, బురద వాసనన్నారు. కమిషన్ 1890లలో పంపకం ఆపేసింది. అయితే ఇల్లినాయ్ నది జాలర్ల సంగతి వేరు. 1900 తర్వాత వాళ్ల వలల్లో సగానికి పైగా కార్పే. ఆ సరుకు న్యూయార్క్ యూదుల వంటిళ్లకు వెళ్లేది. బెడద ఎవరికి, బత్తెం ఎవరికి అన్న పేచీ అప్పుడే మొదలైంది.

ఆస్ట్రేలియాకు పంపకాలు అక్కర్లేకపోయాయి. విక్టోరియా రాష్ట్రంలోని బూలారా దగ్గర పెంచిన రకం, 1964 ప్రాంతంలో మిల్దూరా పక్కనున్న హాథార్న్ సరస్సు ద్వారా మర్రే నదిలోకి చేరింది. 1974-75 వరదలు దాన్ని మర్రే-డార్లింగ్ పరివాహకమంతా వెదజల్లాయి. ఇప్పుడు అక్కడ కొన్నిచోట్ల మొత్తం చేపల బరువులో 80 శాతానికి పైగా ఇదే. దీన్ని చంపే హెర్పిస్ వైరస్‌ను నదుల్లో వదలాలా అని 2016లో ఒకటిన్నర కోట్ల డాలర్లతో అధ్యయనం మొదలుపెట్టారు. లక్షల టన్నుల చేప ఒక్కసారిగా కుళ్లితే ఆ నీళ్లు ఎవరు తాగాలి? ఆ ప్రశ్న దగ్గరే బండి ఆగింది.

భారతదేశంలో కథ 1939లో మొదలవుతుంది. సిలోన్ నుంచి నీలగిరులకు వచ్చింది అద్దం కార్ప్ అనే రకం, చలినీటి చేప. మన మైదానాలకు సరిపోయే రకం 1957లో బ్యాంకాక్ నుంచి కటక్ వచ్చింది. అదే ఏడాది జులైలో ఒడిశాలోనే హీరాలాల్ చౌధురి హార్మోను ఇంజెక్షన్‌తో మన చేపల చేత గుడ్లు పెట్టించారు. అప్పటిదాకా శీలావతి, బొచ్చె పిల్లల కోసం నదీ ప్రవాహాల్లో వెతకాల్సిందే, ఎందుకంటే నిలవనీటిలో అవి గుడ్లు పెట్టవు. బంగారు తీగ అలా కాదు. ఊరి చెరువులో నాచు దొరికితే చాలు, గుడ్లు అంటించేసి పోతుంది. రైతుకు నచ్చిన గుణమూ, నదికి చేటు చేసే గుణమూ ఇదొక్కటే.

కశ్మీర్‌లో 1950లలో వదిలాక దాల్ సరస్సులో అక్కడి మంచునీటి చేపలు తగ్గిపోయాయి. ప్రయాగ్‌రాజ్ దగ్గర గంగా యమునల్లో జాలర్లకు చిక్కే చేపల్లో బంగారు తీగది ఇప్పుడు చెప్పుకోదగ్గ వాటా. తెలంగాణలో 2016లో మొదలైన ఉచిత చేపపిల్లల పథకంలో, వేసవికి ఎండిపోయే చెరువులకు శీలావతి, బొచ్చెలతో పాటు ఇచ్చేది దీన్నే. కొద్ది నెలల్లో ఎదిగి, నీళ్లు తగ్గేలోపు సంతకు చేరే చేప మత్స్య సహకార సంఘాలకు కావాలి. ఆ లెక్కలో బంగారు తీగకు ఎదురు లేదు. ఇక్కడ దాన్ని బెడద అనేవాళ్లు నదుల మీద పనిచేసే శాస్త్రవేత్తలే.