అతుకు వేసిన బాయిలర్: పాతబడిన పీడన పరికరాల భద్రతను నిర్ణయించిన చరిత్ర

పారిశ్రామిక విప్లవంలో ఆవిరియంత్రం పాత్రను మీరు గత భాగంలో చదివారు. అక్కడ ప్రస్తావనకు రాని ప్రశ్న ఒకటి ఉంది. కొత్త బాయిలర్‌ను ఎంత పీడనానికి తయారు చేయాలన్నది తయారీదారు తేల్చుకునే విషయం. ఇరవై ఏళ్లు పనిచేసి, తుప్పు పట్టి, ఒకటి రెండు చోట్ల మరమ్మతు జరిగిన బాయిలర్‌ను ఇంకా నడపవచ్చా? నడిపితే ఎంత పీడనం వరకు? ఈ నిర్ణయం ఎవరు చేయాలి, దేని ఆధారంగా చేయాలి అన్నది చాలా కాలం ఎవరికీ స్పష్టంగా తెలియదు. తెలుసుకోవడానికి చెల్లించిన మూల్యం పెద్దది.

1865 ఏప్రిల్‌లో అమెరికా అంతర్యుద్ధం ముగింపుకు వచ్చింది. మిసిసిపీ నదిపై తిరిగే సుల్తానా అనే ఆవిరి పడవ విక్స్‌బర్గ్ రేవు చేరేసరికి దాని నాలుగు బాయిలర్లలో ఒకదాని రేకు ఉబ్బి, కారడం మొదలైంది. చూడవచ్చిన మెకానిక్ రేకులు మార్చాలన్నాడు. అందుకు రోజులు పడుతుంది. రేవులో మాత్రం విడుదలైన సైనిక ఖైదీలు ఇళ్లకు వెళ్లడానికి ఎదురుచూస్తున్నారు. వారిని చేరవేసినందుకు ప్రభుత్వం తలకు ఇంత చొప్పున చెల్లిస్తుంది. ఆలస్యమైతే ఆ డబ్బు వేరే పడవకు పోతుంది. కెప్టెన్ ఒప్పించగా మెకానిక్ ఉబ్బిన చోట అతుకు వేసి సరిపెట్టాడు. చట్టప్రకారం 376 మంది ఎక్కవలసిన పడవలో రెండు వేల మందికి పైగా ఎక్కారు. ఏప్రిల్ 27 అర్ధరాత్రి దాటాక, మెంఫిస్‌కు కొంత ఎగువన, బాయిలర్లు పేలాయి. 1,100 మందికి పైగా చనిపోయారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క గమనించండి. స్తూపాకారపు పాత్ర గోడ మీద పడే ఒత్తిడి లోపలి పీడనాన్ని, పాత్ర వ్యాసాన్ని బట్టి పెరుగుతుంది, గోడ మందాన్ని బట్టి తగ్గుతుంది. అసలు రేకు మందం అంగుళంలో 48వ వంతులు 17, అంటే సుమారు 0.35 అంగుళం. అతుకు మందం పావు అంగుళం. మందం దాదాపు 70 శాతానికి పడిపోయింది కాబట్టి అనుమతించిన పీడనం కూడా ఆ మేరకు, చదరపు అంగుళానికి 145 పౌండ్ల నుంచి సుమారు 100 పౌండ్లకు, తగ్గాలి. ఎవరూ తగ్గించలేదు. పేలుడుకు ఆ అతుకే కారణమని కచ్చితంగా తేలలేదన్నది నిజమే. బాయిలర్లలో నీటి మట్టం, పడవ ఒరగడం వంటి కారణాలు కూడా చర్చకు వచ్చాయి. కానీ మన అంశానికి ముఖ్యమైనది వేరు. పడవకు తనిఖీ ధ్రువపత్రం ఉంది. అయితే అది అతుకు వేయకముందు ఉన్న బాయిలర్‌కు ఇచ్చినది. మరమ్మతు తరువాత ఉన్నది వేరే బాయిలర్. దానిని ఎవరూ పరీక్షించలేదు.

ఇంగ్లండులో ఈ ఆలోచన కొంత ముందే మొదలైంది. విలియం ఫెయిర్‌బెయిర్న్ వంటి ఇంజనీర్ల చొరవతో 1854లో మాంచెస్టర్‌లో బాయిలర్ పేలుళ్లను నివారించే సంఘం ఏర్పడింది. పేలుడు జరిగితే మంట వేసే కార్మికుడి నిర్లక్ష్యమనో, దైవఘటన అనో తేల్చేయడం అప్పటి అలవాటు. సంఘం ఇన్‌స్పెక్టర్లు పేలిన రేకుల మందం కొలిచి, తుప్పు తిన్న చోట్లు చూపించారు. ప్రతి పేలుడుపై విచారణ జరగాలన్న చట్టం మాత్రం 1882 వరకు రాలేదు. బాయిలర్‌లో నీరు నింపి, మామూలు కంటే ఎక్కువ పీడనానికి ఎక్కించి చూసే పరీక్ష కూడా ఈ శతాబ్దంలోనే వ్యాపించింది. అది ఉపయోగకరమే, కానీ ఆ రోజు పాత్ర తట్టుకుందని మాత్రమే చెబుతుంది. వచ్చే ఏడాది సంగతి చెప్పదు.

మన దేశంలో 1863లో కలకత్తాలో జరిగిన పేలుడు తరువాత 1864లో బెంగాల్ చట్టం వచ్చింది. మిగిలిన రాష్ట్రాల్లో వేర్వేరు నిబంధనలు ఏర్పడి, చివరకు 1923 భారత బాయిలర్ల చట్టంతో ఏకమయ్యాయి. ధ్రువపత్రం కాలపరిమితి సాధారణంగా పన్నెండు నెలలు. ఇన్‌స్పెక్టర్ పీడనాన్ని తగ్గించవచ్చు. నిర్మాణాత్మక మరమ్మతుకు చీఫ్ ఇన్‌స్పెక్టర్ లిఖిత అనుమతి ముందే తీసుకోవాలి. సుల్తానా కథలో లోపించినది సరిగ్గా ఈ చివరి నిబంధనే.

ఇంతవరకు లెక్కంతా మందం చుట్టూ తిరిగింది. మందం సరిపోయినా పాత్ర విరగవచ్చని 1984 జులై 23న షికాగో సమీపంలోని రోమియోవిల్ రిఫైనరీ చూపింది. వాయువులను శుద్ధిచేసే ఒక టవర్‌లో 1974లో గోడలోని ఒక వలయాన్ని మార్చి, అక్కడికక్కడే వెల్డింగ్ చేశారు. తరువాత దానిని వేడిచేసి, లోహంలో మిగిలిన ఒత్తిడిని సడలించలేదు. అతుకు పక్కన గట్టిపడిన లోహంలోకి హైడ్రోజన్ చేరి పగుళ్లు పుట్టించింది. పదేళ్లలో అవి కొన్నిచోట్ల గోడ మందంలో 90 శాతానికి పైగా లోపలికి పాకాయి. టవర్ విరిగి జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది లీకు సంగతి చూడడానికి వచ్చిన రిఫైనరీ అగ్నిమాపక సిబ్బంది. సుల్తానాలో లాగే ఇక్కడా బలహీనత మరమ్మతు చేసిన చోటే ఉంది.

పగుళ్లను లెక్కకట్టే శాస్త్రం అప్పటికే ఉంది. గాజు ఎందుకు పగులుతుందో 1920లో గ్రిఫిత్ వివరించాడు. 1950లలో ఇర్విన్ దానిని లోహాలకు అన్వయించాడు. దీనిని ఫ్రాక్చర్ మెకానిక్స్ అంటారు. వెల్డింగ్ లోపాలను ఈ పద్ధతిలో అంచనా వేసే పత్రాన్ని బ్రిటిష్ ప్రమాణాల సంస్థ 1980లో వెలువరించింది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 2000లో ఏపీఐ 579 ప్రచురించగా, 2007లో అది మెకానికల్ ఇంజనీర్ల సంఘంతో ఉమ్మడి ప్రమాణమైంది. దీనితో ప్రశ్న రూపమే మారింది. పగులు ఉందా లేదా అని కాక, ఇంత పొడవు, ఇంత లోతున్న పగులు, ఈ ఉక్కులో, ఈ పీడనం వద్ద ఎంతకాలం ఆగుతుంది అని అడుగుతారు. ప్రతి లోపాన్నీ మరమ్మతు చేయనక్కరలేదని, కొన్నిసార్లు మరమ్మతే హాని చేస్తుందని కూడా ఈ పద్ధతి చెబుతుంది. అయితే ఒక ఇబ్బంది ఉంది. లెక్క వేసే ఇంజనీరుకు జీతమిచ్చేది తరచు ఆ కర్మాగార యజమానే. ఆగితే నష్టం, నడిపితే లాభం అన్న విక్స్‌బర్గ్ రేవు పరిస్థితి అతని బల్ల దగ్గర కూడా ఉంటుంది.

భారత నిబంధనల ప్రకారం అధిక ఉష్ణోగ్రత వద్ద పనిచేసే బాయిలర్ భాగాలకు 1,00,000 గంటల తరువాత మిగిలిన ఆయుర్దాయాన్ని పరీక్షించాలి. 1923 చట్టం స్థానంలో 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది. మీ ఊరికి దగ్గరలో ఉప్పుడు బియ్యం మిల్లు ఉంటే, దాని బాయిలర్ ధ్రువపత్రాన్ని చూపమని యాజమాన్యాన్ని అడగండి. అందులో అనుమతించిన పీడనం, గడువు తేదీ నమోదు చేసుకోండి. చివరి మరమ్మతు ధ్రువపత్రానికి ముందు జరిగిందో, తరువాత జరిగిందో కనుక్కోండి.