ఎండు తెగులు జన్యుకథ: వందేళ్ల సింహావలోకనం

పూత మీదున్న కంది చేనులో అక్కడక్కడా మొక్కలు ఉన్నట్టుండి వాడిపోతాయి. నేలలో తేమ ఉంటుంది, పురుగు జాడ ఉండదు. మొదలు నుంచి కాండం మీదుగా ఊదారంగు పట్టీ పైకి పాకుతుంది. చీల్చి చూస్తే లోపల నీరు మోసే గొట్టాలు నల్లబడి ఉంటాయి. రైతు దీన్ని ఎండు తెగులు అంటాడు. దీనికి కారణమైన నేల శిలీంధ్రం కోసం సాగిన వెతుకులాటకు వందేళ్లు దాటాయి. ఆ వెతుకులాట చేనులో మొదలై, కణంలోని క్రోమోజోము దాకా వెళ్లింది.

తొలి అడుగు బిహార్‌లోని పూసాలో పడింది. పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో ఎర్విన్ స్మిత్ పత్తి, పుచ్చ, అలసంద పంటల ఎండు తెగులుకు నియోకాస్మోస్పోరా అనే శిలీంధ్రమే మూలమని నిర్ణయించాడు. చచ్చిన కంది మొక్కల మీద కూడా అదే కనిపించడంతో ఇక్కడా అదే కారణమని నమ్మడం తేలిక. పూసాలో శిలీంధ్ర శాస్త్రవేత్తగా ఉన్న ఎడ్విన్ జాన్ బట్లర్ మాత్రం ఆ నమ్మకంతో సరిపెట్టుకోలేదు. నియోకాస్మోస్పోరా చచ్చిన వేళ్ల మీద బతికేదే తప్ప బతికిన మొక్కను చంపేది కాదనీ, అసలు దోషి ఫ్యుజేరియం ఉడమ్ అనీ 1910లో తేల్చిచెప్పాడు. కంది ఎండు తెగులు చరిత్రకు అది పునాది.

కందిలో దోషి దొరికాక, మిగతా పంటల ఎండు తెగులు శిలీంధ్రాలతో ఇంకో చిక్కు ఎదురైంది. శనగను చంపే ఫ్యుజేరియం ఆక్సిస్పోరమ్, టమాటాను చంపేది, ఏ మొక్కకూ హాని చేయనిది, సూక్ష్మదర్శిని కింద అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. 1940లో అమెరికన్ శాస్త్రవేత్తలు స్నైడర్, హాన్సెన్ వీటన్నిటినీ ఒకే జాతిగా చేర్చి, ఏ పంటకు జబ్బు చేస్తే ఆ పంట పేరుతో విడగొట్టారు. ఆ దశాబ్దంలోనే అవిసె తుప్పు తెగులు మీద పనిచేస్తూ హెచ్. హెచ్. ఫ్లోర్, మొక్కలోని ప్రతి నిరోధక జన్యువుకూ ఎదురుగా శిలీంధ్రంలో ఒక జన్యువు ఉంటుందని చూపించాడు. ఈ సూత్రాన్ని శనగ ఫ్యుజేరియం మీద నేరుగా పరీక్షించే వీలు లేకపోయింది. దానికి లైంగిక దశ ఉన్నట్టు కనబడలేదు, కాబట్టి రెండిటిని సంకరం చేసి సంతానాన్ని లెక్కించడం కుదరదు.

అందుకే పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఆ ప్రశ్నను మొక్క వైపు నుంచి అడిగారు. తెగులు సోకిన మొక్కల మోళ్లను ఒకే మడిలో ఏటా కలియదున్ని, శిలీంధ్రంతో నిండిన తెగులు మళ్లు తయారుచేశారు. ఆ మళ్లలో తట్టుకోలేని జేజీ 62 రకం శనగ నెల తిరక్కుండానే చస్తే, డబ్ల్యూఆర్ 315 నిలబడింది. 1982లో హవారే, నేనే అనే శాస్త్రవేత్తలు పది శనగ రకాలను వరుసగా పరీక్షించి, భారతదేశంలోని శిలీంధ్రాన్ని నాలుగు రేసులుగా, అంటే ఏ శనగ రకాన్ని పడగొడతాయన్నదాన్నిబట్టి నాలుగు ఉపరకాలుగా, విభజించారు: హైదరాబాద్‌లో ఒకటోది, కాన్పూర్‌లో రెండోది, గురుదాస్‌పూర్‌లో మూడోది, హిస్సార్‌లో నాలుగోది. ఒక ఊళ్లో నిలిచిన శనగ మరో ఊళ్లో ఎందుకు పడిపోతుందో అప్పుడు తెలిసింది. అదే పరంపరలో, శనగ లేకపోయినా ఈ శిలీంధ్రం నేలలో ఆరేళ్ల వరకు బతికి ఉంటుందని కూడా తేలింది. ఒకటి రెండేళ్ల పంట మార్పిడి దీన్ని ఎందుకు పూర్తిగా అణచలేదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

శిలీంధ్రం వైపు నుంచి జవాబు బఠాణీ పంట నుంచి వచ్చింది. 1960లో ఆస్ట్రేలియాలో క్రూక్‌షాంక్, పెరిన్ బఠాణీ మొక్క శిలీంధ్రం సోకినప్పుడు తయారుచేసుకునే పిసాటిన్ అనే విషాన్ని వేరుచేశారు. బఠాణీకి వేరుకుళ్లు తెచ్చే నెక్ట్రియా హీమటోకొక్కా అనే శిలీంధ్రానికి లైంగిక దశ ఉంది. హన్స్ వాన్‌ఎటెన్ బృందం దాన్ని సంకరం చేసి చూస్తే, బఠాణీని గట్టిగా దెబ్బతీసే సంతానమంతా పిసాటిన్‌ను విరిచేసే ఎంజైము ఉన్నదే అయింది. 1991లో ఆ ఎంజైము జన్యువు ఒక చిన్న అదనపు క్రోమోజోము మీద ఉందని ఆ బృందమే తేల్చింది. అది లేకపోయినా శిలీంధ్రం హాయిగా పెరుగుతుంది. బఠాణీని జయించే శక్తి మాత్రం తగ్గిపోతుంది. 1996లో ఇంకో మెలిక తెలిసింది. ఆ ఒక్క జన్యువును చెడగొడితే తీవ్రత కొంచెమే తగ్గింది. క్రోమోజోము మొత్తం పోతే మరింత తగ్గింది. అంటే జబ్బు చేసే బలం ఒక్క జన్యువుది కాదు, పక్కపక్కనే ఉన్న జన్యువుల గుంపుది. 2009లో ఈ శిలీంధ్రపు జన్యుపటం పూర్తయ్యాక, పదిహేడు క్రోమోజోముల్లో మూడు చిన్నవి మిగతావాటికి భిన్నమైన కూర్పుతో ఉన్నాయని బయటపడింది.

2010లో టమాటా ఫ్యుజేరియం విషయంలో ఇంకా విస్మయకరమైనది బయటికొచ్చింది. జబ్బు చేసే రకాన్ని, చేయనిదాన్ని కలిపి పెంచితే, రెండోదానిలోకి ఒక క్రోమోజోము చేరి అదీ టమాటాకు జబ్బు తెచ్చేదిగా మారింది. శనగ శిలీంధ్రం కథ వేరు. స్పెయిన్‌లోని కొర్డోబా శాస్త్రవేత్తలు 2004లో దాని రేసులన్నీ ఒకే వంశంలో మెట్టుమెట్టుగా మారుతూ వచ్చాయని డీఎన్‌ఏ ముద్రల ద్వారా చూపించారు. క్రోమోజోము చేరడం వల్ల అయినా, మెట్టుమెట్టుగా మారడం వల్ల అయినా నేలలోని శత్రువు మారుతూనే ఉంటుంది.

మన వైపు ప్రతిస్పందనా గట్టిదే. ఎండు తెగులును తట్టుకునే మారుతి కంది 1986లో, ఆశ 1993లో విడుదలయ్యాయి. 1999లో వచ్చిన జేజీ 11 శనగ ప్రకాశం, కర్నూలు నల్లరేగళ్లలో సాగును విస్తరింపజేసింది. 2012లో ఆశ రకం జన్యుపటం, 2013లో శనగ జన్యుపటం ఇక్రిశాట్ నేతృత్వంలో వెలువడ్డాయి. తర్వాత డబ్ల్యూఆర్ 315 నిరోధకతను జన్యుగుర్తుల సాయంతో అన్నిగేరి శనగలోకి చేర్చి సూపర్ అన్నిగేరిని తయారుచేశారు. ఇంతలో శనగలో ఎండు వేరుకుళ్లు అనే మరో తెగులు ముందుకొచ్చింది. దానికి కారణమైన, వేడి, బెట్ట ఎక్కువైన చోట విజృంభించే మాక్రోఫొమినా శిలీంధ్రం 500కు పైగా మొక్కలకు సోకుతుంది. దీనికి శనగలో పూర్తి నిరోధకత దొరకలేదు. జనపనార మొక్క మీది ఈ శిలీంధ్రపు జన్యుపటాన్ని 2012లో బంగ్లాదేశ్ శాస్త్రవేత్తలు ప్రకటించారు.

ఈ వందేళ్లు చెప్పే మాట ఒకటుంది. ఒక మంచి విత్తనం ఇచ్చి ఊరుకోవడం సరిపోదు. ఒకే నిరోధక జన్యువు వేలాది ఎకరాల్లో పరుచుకుంటే, దాన్ని దాటే శిలీంధ్రం ఎంపికై పైకొస్తుంది. కాబట్టి కొత్త రకం విడుదలయ్యే ప్రతి జిల్లాలో నేల శిలీంధ్రాన్ని కూడా క్రమం తప్పకుండా తీసి, రేసు చూసి, డీఎన్‌ఏ చదవాలి. ఆ సమాచారం ప్రయోగశాలలో ఆగిపోకుండా విత్తన సంస్థలకూ, వ్యవసాయ అధికారులకూ, రైతుకూ చేరాలి. కందిలో జొన్న కలిపి వేస్తే ఎండు తెగులు తగ్గుతుందని పటాన్‌చెరు పొలాల్లోనే రుజువైంది. అలాంటి సాగు పద్ధతి ఒక్కో నిరోధక జన్యువు ఆయుష్షును పెంచుతుంది. బట్లర్ కళ్లు నమ్మి ఊరుకోలేదు, పరీక్షించాడు. ఆ అలవాటే మన పప్పుధాన్యాల విధానానికీ ఉండాలి.