యూదుల ప్రార్థనావస్త్రము

యూదులు ప్రాతఃకాల ప్రార్థనమందు భుజములమీద కప్పుకొను వస్త్రమునకు తల్లీత్ అని పేరు. చూచుట కది మన యుత్తరీయమును బోలియుండును. కాని దాని పవిత్రత వస్త్రమునందు లేదు. నాలుగు మూలలకును గట్టిన కుచ్చులయందున్నది. అవి కంటబడినప్పుడెల్ల దైవాజ్ఞలు జ్ఞప్తికి రావలెనని సంఖ్యాకాండము 15వ అధ్యాయము విధించుచున్నది. పూర్వము నిత్యము ధరించు నాలుగుమూలల బట్టకే కుచ్చులు గట్టెడివారు. వేషము మాఱిన పిదప, ఆజ్ఞ లోపింపకుండుటకై ప్రార్థనకొఱకు ప్రత్యేక వస్త్రమును నిలుపుకొనిరి.

కుచ్చులలో నీలినూలు ఉండవలెనని కూడ విధి గలదు. ఆ రంగును సముద్రమందలి యొక ప్రాణినుండి తీసెడివారు. చౌకయైన నీలిమందు అద్దిన నూలును దానికి మాఱుగా గట్టుట వంచనయని తాల్ముదు పండితులు ఖండించిరి. క్రీ.శ. 7, 8 శతాబ్దుల తరువాత ఆ రంగు తీయు విద్యయే నశించెను. అయినను ఆచారము నశింపలేదు. నీలినూలు లేకున్నను తెల్లనూలు చాలునని సుమారు 200వ సంవత్సరమున గూర్పబడిన మిష్నాయందే యున్నది గనుక, తెల్లని కుచ్చులతోనే శతాబ్దములు గడపిరి.

స్త్రీల విషయమున జరిగినది వేఱు. నియతకాలమున జేయవలసిన పెక్కు విధులనుండి వారికి మినహాయింపు గలదు. పగటివేళకు జేరిన ఈ విధియు నట్టిదే యని పండితు లెంచిరి. కాని బాబిలోనియాయందలి యూదా యను పండితుడు తన యింటి స్త్రీల వస్త్రములకును కుచ్చులు గట్టించెనని తాల్ముదు చెప్పుచున్నది. 12వ శతాబ్దమున మైమొనిడీసు, కోరిన స్త్రీలు ఆశీర్వచనము పఠింపక ధరింపవచ్చునని వ్రాసెను. 16వ శతాబ్దమున పోలండుదేశపు మోషె ఇస్సెర్లెస్ ధరింపవచ్చునని యొప్పుకొనియే, అది గర్వముగా దోచునని వలదనెను. ఇట్లు మినహాయింపు క్రమముగా నిషేధమువలె బిగిసికొనెను.

నేడు సంస్కరణపక్షపు ప్రార్థనామందిరములలో స్త్రీలు నిరాటంకముగా తల్లీత్ ధరించుచున్నారు. యెరూషలేములోని పశ్చిమకుడ్యమువద్ద మాత్రము వివాదము రేగినది. 1988 మొదలు అచ్చట స్త్రీలు కూడి ప్రార్థింపసాగిరి. 2009 నవంబరులో తల్లీత్ ధరించినందుకు ఒక యువతిని రక్షకభటులు నిర్బంధించిరి. 2013 ఏప్రిలులో ఆ నగరపు జిల్లా న్యాయస్థానము, వారి ప్రార్థన స్థలాచారమునకు భంగకరము కాదని తీర్పు చెప్పెను.

ఆచారమును గౌరవింపవలదని మేము చెప్పుట లేదు. అక్కఱలేదన్న మాట కూడదన్న మాటగా ఎప్పుడు మాఱెనో పాఠకులు విచారింపవలెననియే మా కోరిక. రంగు పోయినను కుచ్చులను విడువని ధర్మము, భక్తితో కప్పుకొనవచ్చిన వారిని ఏల త్రోసివేయవలెను?