రెండక్షరాల కంచె

“వదినగారేమంది?” అని అడిగితే “రేపు వస్తానంది” అని ఠక్కున చెప్పేస్తాం. ఆ ‘అని’ లేనిదే తెలుగువాళ్లకి రోజు గడవదు. ఎదుటివారి మాట ఎక్కడ ముగిసిందో, మన మాట ఎక్కడ మొదలైందో చెప్పే కంచె అది. సంస్కృతంలో ఆ పని ‘ఇతి’ చేస్తుంది. అందుకే కాబోలు, మన తాటాకు పుస్తకాల్లో కొటేషన్ గుర్తులు లేకపోయినా పని జరిగిపోయింది.

మరి ఈ గుర్తులు ఎక్కడివంటారా? క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా పండితుడు అరిస్టార్కస్, హోమర్ కావ్యాలను పరిష్కరిస్తూ, గమనించదగ్గ పంక్తుల పక్కన మార్జిన్లో బాణం మొనలాంటి గీత గీసేవాడు. దాని పేరు ‘డిప్లే’. తరువాత క్రైస్తవ గ్రంథాల లేఖకులు బైబిల్ వాక్యాలను చూపడానికి దాన్నే వాడుకొన్నారు. అచ్చు వచ్చాక, 16వ శతాబ్దంలో అది జంట కామాలుగా మారింది. మెల్లిగా మార్జిన్ వదలి పంక్తిలోకి వచ్చి, 18వ శతాబ్దపు ఇంగ్లీషు నవలల్లో పాత్రల సంభాషణలకు కాపలా కూర్చుంది. మన తెలుగు పుస్తకాల్లోకి ఇంగ్లీషు అచ్చు వెంటే వచ్చింది.

టైపు మిషను మీద మీటలు తక్కువ. అందుకని తెరవడానికీ మూయడానికీ ఒకటే నిటారు గుర్తు పెట్టారు. కంప్యూటరుకీ అదే సంక్రమించింది. ఇప్పటి వర్డ్ ప్రాసెసర్లు ముందు ఖాళీ ఉందో లేదో చూసి, ఆ గుర్తును వాటంతటవే వంకర తిప్పేస్తాయి. అయితే ’75 అని సంవత్సరాన్ని కురచగా రాయబోతే, ముందు ఖాళీ ఉంది కదా అని తెరిచే గుర్తు పెట్టేస్తాయి. యంత్రానికి అర్థంతో పనేముంది!

మా అత్తగారి ఉత్తరాలను ఈ మధ్య నేను కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. చిన్న మాటైతే కొటేషన్లలో పెడతాను. నాలుగైదు పంక్తులు దాటితే గుర్తులు తీసేసి, విడి పేరాగా, రెండువైపులా కాస్త లోపలికి జరుపుతాను. జరపడానికి స్పేస్ బార్ టకటకా కొట్టకూడదు సుమండీ! అక్షరం సైజు మారిస్తే పంక్తులన్నీ చెదిరిపోతాయి. పేజీ పైనుండే రూలరుతోనే జరపాలి. మధ్యలో ఏదైనా వదిలేస్తే మూడు చుక్కలు తప్పనిసరి.

“ఉత్తరాలకి ఇంత చాదస్తమా?” అన్నారు మావారు. చాదస్తం కాదు. ముద్దుపళని సంగతి చూడండి. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ఉండి ‘రాధికా సాంత్వనము’ రాసిన కవయిత్రి ఆవిడ. తన వంశంలోని స్త్రీలను పేరుపేరునా చెప్పుకొంటూ పీఠిక రాసుకొంది. 1887లో ఆ కావ్యం అచ్చయినప్పుడు ఆ పీఠికే ఎగిరిపోయింది. కొన్ని పద్యాలూ పోయాయి. చదివినవాళ్లకు కావ్యం అంతే కాబోలు అనిపించదూ? బెంగుళూరు నాగరత్నమ్మగారు అసలు ప్రతి సంపాదించి, పోల్చి చూసి, 1910లో మొత్తం కావ్యాన్ని అచ్చు వేయించారు. అశ్లీలమంటూ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అయినా ముద్దుపళని మాట ముద్దుపళనికి దక్కింది.

ఆడవాళ్ల మాటలు ఇలాగే జారిపోతూంటాయి. అమ్మమ్మ చెప్పిన సామెత “ఎవరో అన్నారు” అయిపోతుంది. అత్తగారి ఊరగాయ కొలత మన పేరున చలామణీ అవుతుంది. రేపు మా మనవరాళ్లు ఆ ఉత్తరాలు చదివితే, ఏది ఆవిడ గొంతో, ఏది నా వ్యాఖ్యానమో చూడగానే తెలియాలి. పేరాను అరంగుళం లోపలికి జరపడానికి పట్టేది ఒక్క క్షణం. ఆ ఖాళీలో పెద్దవాళ్ల మాట నిశ్చింతగా కూర్చుంటుంది. ఆపాటి చోటు ఇవ్వలేమా!