పగ్గాలు వదలని పెద్దలు

డ్రైవింగ్ లైసెన్సు కోసం నింపే ఫారం-1లో చూపు గురించి ఒక ప్రశ్న ఉంటుంది. మంచి పగటి వెలుతురులో, కళ్ళజోడు ఉంటే పెట్టుకునే, 25 మీటర్ల దూరంలో ఉన్న బండి నంబరు ప్లేటును పోల్చుకోగలరా అని. రేచీకటి ఉందా, హారన్ వినపడుతుందా అని ఇంకొన్ని. జవాబు రాసి సంతకం పెట్టాల్సింది దరఖాస్తుదారే. అందులో తనకు కనపడదని తనే రాసిచ్చే మనిషి భీమవరంలో దొరకడం కష్టం. ఆ మాటకొస్తే ఎక్కడైనా కష్టమే.

మన దేశంలో బండి నడపడానికి కనీస వయసు ఉంది, గరిష్ఠ వయసు లేదు. 85 ఏళ్ళ రైతుకు కూడా డాక్టరు సంతకం ఉంటే లైసెన్సు మరో ఐదేళ్ళు పొడిగిస్తారు. గోదావరి డెల్టాలో ఈ వెసులుబాటు గురించి కాస్త ఆగి ఆలోచించాలి. ఇక్కడ చాలాచోట్ల కాలువగట్టే రోడ్డు. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క చేపల చెరువు, మధ్యలో రొయ్యల ట్రేలతో వచ్చే వ్యాను. పక్కకి తప్పుకుందామంటే నేల ఉండదు. ఆ దారుల్లోనే పొద్దున్నే టీవీఎస్ మీద చెరువు చూసుకోవడానికి వెళ్ళే తాతలు కనిపిస్తారు. పంచె ఎగ్గట్టి, హ్యాండిలుకి క్యారేజీ తగిలించుకుని, హెల్మెట్ సంగతి మాత్రం అడగొద్దు.

ఈ దృశ్యం చూసినవాళ్ళు ఇది డెల్టాలో ఎప్పటినుంచో ఉన్న అలవాటని అనుకుంటారు. నిజానికి ఇది చాలా కొత్తది.

ఆర్థర్ కాటన్ చేపట్టిన ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కల్లా ముగిసింది. అక్కడి నుంచి వచ్చిన కాలువలు పొలాలకు నీళ్ళివ్వడంతో పాటు పడవలు నడవడానికి కూడా పనికొచ్చేలా తవ్వినవి. అందుకే డెల్టా అంతటా లాకులు. నీటిమట్టం మారే చోట తలుపులు మూసి, నీళ్ళు నింపి, పడవని పైకి ఎక్కించేవారు, లేదంటే నీళ్ళు వదిలి కిందికి దించేవారు. ఏలూరు కాలువ, కృష్ణా కాలువలు, బకింగ్‌హాం కాలువ మీదుగా కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవదారి ఉండేది. ధాన్యం, కలప, పెళ్ళివారు, అందరూ ఆ దారిలోనే. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ చాలకపోతే గట్టు మీద నడుస్తూ తాడు లాగే మనుషులు. వేగం మనిషి నడకని మించేది కాదు. చుక్కాని దగ్గర కూర్చున్న ముసలి సరంగుకి చూపు తగ్గినా, గట్టు మీద తాడు లాగే కుర్రాడి కళ్ళు పనిచేస్తుండేవి. ఎవరైనా ఎదురొస్తే కేక వేసి, తాడు సర్దుకుని, తాపీగా తప్పుకునేంత వ్యవధి ఉండేది.

ఎడ్లబండి సంగతీ అంతే. సంతకి వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు తోలేవాడు కునుకు తీసినా బండి ఇల్లు చేరేది, ఎడ్లకి దారి తెలుసు కనక. ఎద్దు తనంతట తాను కాలవలోకి దిగదు. తోలేవాడి జాగ్రత్తలో సగం బాధ్యత పశువుదే. అలాంటి బండిని ఎనభై ఏళ్ళవాడు తోలుతున్నాడంటే ఊళ్ళో ఎవరూ తల తిప్పి చూసేవారు కాదు.

మోటారు వచ్చాక ఆ సగం కూడా మనిషి మీదే పడింది. అయితే వెంటనే ముసలివాళ్ళ మీద పడలేదు. దేశానికంతటికీ వర్తించే మొదటి మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది. 1939లో దాని స్థానంలో వచ్చిన చట్టం మొదట్లో లైసెన్సుని 12 నెలలకే ఇచ్చేది. ఆ రోజుల్లో కారు అంటే జమీందారుదో రైసుమిల్లు యజమానిదో. వాళ్ళు వెనక సీట్లో కూర్చునేవారు, నడపడానికి జీతగాడు ఉండేవాడు. యజమానికి వయసు పైబడినా కారు మాత్రం కుర్రవాడి చేతిలోనే ఉండేది. బస్సులదీ అదే తీరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు కరువై బొగ్గు గ్యాసుతో బస్సులు నడిచాయి. పొద్దున్నే పొయ్యి రాజేసి, దారిలో బొగ్గు ఎగదోస్తూ, ఎత్తుకి ఎక్కనప్పుడు దిగి నెట్టించి నడపాలి. ముసలివాళ్ళు ఆ పని జోలికి రావాలని సరదాపడి ఉండరు.

ఒక్క రిక్షా మాత్రం వేరు. మూడు చక్రాల సైకిలు రిక్షాని అరవై దాటినవాళ్ళు, డెబ్భైకి దగ్గరపడినవాళ్ళు కూడా తొక్కారు. ఈ వయసులో నువ్వు బండి తొక్కొచ్చా అని వాళ్ళనెవరూ అడగలేదు, కూర్చున్న మనిషి కూడా అడగలేదు. పేదవాడి వయసు రోడ్డు భద్రత ప్రశ్న కాలేకపోయిందన్నది ఈ చరిత్రలో ఇబ్బందిపెట్టే విషయం. సొంత కారున్న పెద్దమనుషులకు వయసు మీదపడ్డాకే ఆ ప్రశ్న చర్చకొచ్చింది.

మలుపు 1970ల నుంచి మొదలైంది. 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50, 1983 డిసెంబరులో మారుతి 800. మొదటి రెండూ డ్రైవరు అవసరం లేకుండా చేశాయి, మూడోది డ్రైవర్ని పెట్టుకోవడం దుబారా అనిపించేలా చేసింది. ఎనభైల చివర్లో భీమవరం చుట్టుపక్కల వరిచేలు రొయ్యల చెరువులుగా మారడంతో రైతుకి రోజుకి రెండు మూడుసార్లు చెరువు దగ్గరికి పోవాల్సిన పని పడింది. రాత్రిపూట చెరువులో ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో, కరెంటు ఉందో పోయిందో స్వయంగా చూసుకోవాలి. అప్పుడు ముప్ఫయ్యైదేళ్ళ వయసులో హ్యాండిలు పట్టుకున్న రైతుకి ఇప్పుడు డెబ్భై దాటాయి. అంటే ఇవాళ కాలువగట్ల మీద మనకి కనిపించే తాతలు డెల్టా చరిత్రలో మోటారు బండి సొంతంగా నడుపుతూ ముసలితనంలోకి వచ్చిన మొదటి పెద్ద తరం. ఎప్పుడు మానాలో వాళ్ళకి చెప్పగల అనుభవం వాళ్ళ నాన్నలకీ తాతలకీ లేదు.

చట్టానికీ అనుభవం తక్కువే. 1988 చట్టం కుర్రవాళ్ళకి ఒకేసారి ఇరవై ఏళ్ళ దాకా లైసెన్సు ఇచ్చే పద్ధతి, వయసు పైబడినవాళ్ళకి ఐదేళ్ళకోసారి రెన్యువల్ పెట్టింది. 2019 సవరణ తరవాత ఆ ఐదేళ్ళ లెక్క 55 దాటినవాళ్ళకి వర్తిస్తుంది. నలభై దాటితే డాక్టరు సంతకంతో ఫారం 1-ఏ కావాలి. మళ్ళీ ఎనిమిది వేసి చూపించమని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అడగడు. గడువు తీరి ఏడాది దాటితేనే మళ్ళీ పరీక్ష. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు గ్రౌండులో బండి నడిపి చూపించాలి, ఎనభై ఏళ్ళ పెద్దాయన కాగితం చూపిస్తే చాలు.

ఉద్యోగమైతే లెక్క వేరు. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయిన ఎన్.టి. రామారావు మరుసటి నెలలోనే ప్రభుత్వోద్యోగుల విరమణ వయసును 58 నుంచి 55కి తగ్గించారు. అప్పటికి ఆయన వయసు 59. పెద్ద గొడవే అయింది, తరవాత అది మళ్ళీ 58కి వచ్చింది. ఆర్టీసీలో 2019లో 60 అయింది, రాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు 2022లో 62. ఆర్టీసీ డ్రైవరుగా ఉన్నంతకాలం చూపు పరీక్షలు తప్పవు. రిటైరైన మర్నాడు అదే మనిషి సొంత కారులో పిల్లల్ని ఎక్కించుకుని ఎంత దూరమైనా పోవచ్చు.

ఎన్టీఆర్ ప్రస్తావన వచ్చింది కనక ఆయన ప్రచారరథం సంగతి కూడా చెప్పుకోవాలి. 1982లో చైతన్య రథాన్ని రాష్ట్రమంతా నడిపింది కొడుకు హరికృష్ణ. పాత షెవర్లే వ్యానుని మార్చి తయారుచేసిన బండి అది. ఆ హరికృష్ణే 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర, తనే కారు నడుపుతూ ప్రమాదంలో చనిపోయారు. సీటుబెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఆయన వయసు 61, ముసలితనం అనలేం. ఆరితేరిన చెయ్యి ఒక్కటే కాపాడుతుందన్న నమ్మకానికి మాత్రం ఆ ప్రమాదం గట్టి దెబ్బ.

ముసలివాళ్ళ వల్లే రోడ్లు ప్రమాదకరమయ్యాయంటే అంకెలు ఒప్పుకోవు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, బాధితుల్లో మూడింట రెండువంతుల మంది 18-45 ఏళ్ళవాళ్ళు. తాగి నడిపేవాడూ, రాంగ్ రూటులో బైకు దూకించేవాడూ సాధారణంగా మనవడి వయసువాడే. తాతగారి ఇబ్బంది ఇంకోలా ఉంటుంది. శుక్లం ముదిరిన కంటికి ఎదురు లారీ లైటు పడితే కాసేపు ఏమీ కనిపించదు. మెడ పూర్తిగా తిరగదు. బ్రేకు మీదికి కాలు వెళ్ళడంలో క్షణం ఆలస్యం. పైగా కుర్రాడు దులుపుకుని లేచే చిన్న దెబ్బే పెద్దాయన తుంటి ఎముక విరగ్గొట్టి ఆయన్ని మంచానికి పరిమితం చేస్తుంది. పామర్రు నుంచి ఉండి, భీమవరం మీదుగా దిగమర్రు చేరే 165వ నంబరు జాతీయ రహదారి మీద చీకటిపడ్డాక నడపడం కుర్రవాళ్ళకే పరీక్ష.

జపాన్ మనకంటే ముందే ఈ బాధ పడింది. లైసెన్సుని స్వచ్ఛందంగా తిరిగిచ్చే పద్ధతి అక్కడ 1998లోనే మొదలైంది. 2019 ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్ళ మాజీ ఉన్నతాధికారి కారు దూసుకెళ్ళి ఒక తల్లీ, మూడేళ్ళ కూతురూ చనిపోయారు. ఆ ఏడాది దాదాపు ఆరు లక్షల మంది లైసెన్సులు వాపసు ఇచ్చేశారు. అదే ఏడాది జనవరిలో ఇంగ్లండులో 97 ఏళ్ళ ప్రిన్స్ ఫిలిప్ సాండ్రింగ్‌హాం దగ్గర ఇంకో కారుని ఢీకొట్టి, ఫిబ్రవరిలో లైసెన్సు అప్పగించారు. ఆయనకు డ్రైవర్లకి కొదవలేదు. టోక్యోవాళ్ళకి రైలుంది.

భీమవరం పక్క పల్లెలో ఏముంది? పిల్లలు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటారు. ఇంట్లో మిగిలింది ఇద్దరు. మందుల షాపు, బ్యాంకు, కంటి ఆసుపత్రి అన్నీ పట్నంలో. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మహిళలకు పల్లెవెలుగు బస్సు ఉచితం కనక బామ్మగారు ఆధార్ కార్డుతో బస్సెక్కి వెళ్ళొస్తున్నారు. అరవై దాటిన తాతగారికి పాతిక శాతం రాయితీ ఉన్నా ఆయన బస్సుస్టాపు దాకా కూడా టీవీఎస్ మీదే వెళ్తారు. కాస్త ఉన్నవాళ్ళు తిరుపతికో పెళ్ళికో పోవాల్సి వస్తే యాక్టింగ్ డ్రైవర్ని పిలుస్తున్నారు. వెనక సీటు యజమానుల కాలం అలా రోజు కూలీ లెక్కన కొంత తిరిగొచ్చింది. రోజూ చెరువుకి పోయేవాడికి అది గిట్టుబాటు కాదు.

ఎనభై దాటితే ఆపేయాలని ఒక గీత గీయడం తేలికే, కానీ అది చూపు బాగున్న ఎనభయ్యైదేళ్ళవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి, చూపు పోయిన అరవయ్యేళ్ళవాణ్ణి రోడ్డు మీద వదిలేస్తుంది. డెబ్భయ్యైదు దాటాక రెన్యువల్‌కి వచ్చిన ప్రతివాళ్ళచేతా ఇన్‌స్పెక్టర్ ఎదుట బండి నడిపించి చూడటం నయం. పగటిపూట మాత్రమే, ఊరి చుట్టుపక్కల మాత్రమే అని షరతు రాసిచ్చే వీలు కూడా ఉంటే చాలామంది పెద్దలు గొడవ లేకుండా ఒప్పుకుంటారు. చీకటిపడ్డాక నడపడం వాళ్ళకీ ఇష్టం ఉండదు.

ఈలోగా బజారు తన దారి తాను వెతుక్కుంది. 250 వాట్లు మించని మోటారు, గంటకు 25 కిలోమీటర్లు మించని వేగం ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ చట్టం లెక్కలో మోటారు వాహనమే కాదు. దానికి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నంబరు ప్లేటు కనిపిస్తుందా అని అడిగే ఫారం కూడా లేదు.