తలగాయము: ప్రాణము నిలిచిన పిదప



ఉప్పలు, నాచారము అను పేర్లు వినగానే నేటివారికి కార్ఖానాలును, క్రికెట్టు మైదానమును, మెట్రో రైలును స్ఫురించును. నా బాల్యమున నవి హైదరాబాదునకు తూర్పున నున్న పల్లెలు. వరంగల్లు బాట పొడవునను తాటిచెట్లును, ఈతచెట్లును నుండెడివి. 1973వ సంవత్సరమున కల్లు గీయు గౌడ యువకుడొకడు మోకు తెగి తాటిచెట్టు మీదినుండి పడెను. పట్టణములోని యొక దవాఖానలో మూడు వారములు తెలివిలేక పడియుండి, తుదకు కన్ను తెరచెను. ప్రాణము దక్కినది, ఇంటికి గొనిపొండని వారు చెప్పిరి. పిదప నేమి చేయవలయునో ఎవరును చెప్పలేదు.

పోయినవాడొకడు, తిరిగి వచ్చినవాడొకడు అన్నట్లుండెను. మాట తడబడెను. ఉదయము చెప్పినది సాయంకాలమునకు మరచుచుండెను. అంతకుముందు గట్టిగా మాటాడి యెరుగనివాడు చిన్నమాటకే భార్యమీదికి చెంబు విసరెను. పెద్దలు కూర్చుండిరి. కల్లు తలకెక్కినదని కొందరు, గాలి సోకినదని మరికొందరు ననిరి. భార్యను పుట్టింటికి పంపివేయుటయే మేలని తీర్మానించిరి. ఆ తీర్మానపు కాగితము వ్రాసినవాడను నేనే. నాకప్పుడు ఇరువదిరెండేండ్లు, నాలుగక్షరములు వచ్చినవను గర్వము మెండు.

ఆ తీర్పు తప్పని నాకు తెలియుటకు చాల యేండ్లు పట్టినది. అదెట్లు తప్పో చెప్పవలెనన్న దూరదేశముల చరిత్ర కొంత చెప్పవలసియున్నది.

అమెరికాలోని వర్మాంటు రాష్ట్రమున 1848వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన, రైలుబాటకై బండలు ప్రేల్చుచుండగా, ఫినియాస్ గేజ్ అను మేస్త్రీ చేతిలోని మూడున్నర అడుగుల ఇనుపకడ్డీ యెగిరి, యెడమచెంపలో దూరి నడినెత్తిన వెలువడెను. అయినను ఆతడు బ్రతికెను. మునుపు నెమ్మదియు, పనియందు నిలుకడయు గలవాడు, పిదప దుర్భాషలాడుచు, పూనిన పనిని నడుమనే విడుచుచుండెనని చికిత్స చేసిన హార్లో వైద్యుడు వ్రాసెను. నుదుటి వెనుకనున్న మెదడుభాగము మన కోపమునకు కళ్ళెము వంటిది. కళ్ళెము తెగిన గుఱ్ఱమును దుష్టమని కొట్టిన లాభమేమి?

ఈ కథను చాలమంది ఇచ్చటనే ముగింతురు. అది గేజునకు అన్యాయము. ఆతడు 1852లో చిలీ దేశమునకు పోయి కొన్ని సంవత్సరములు గుఱ్ఱపుబండ్లు తోలెను. గుఱ్ఱములను వేళకు కట్టుట, వేళకు బయలుదేరుట, ఎరిగిన బాటనే ప్రతిదినము పోవుట - ఇట్టి వరుసగల పనియే యాతనిని కుదుటపరచినదని నేటి చరిత్రకారులలో కొందరి మతము. ఆతడు 1860లో మరణించెను.

ఆతడు దైవికముగా బాగుపడెననుకొందము. బుద్ధిపూర్వకముగా బాగుచేయు ప్రయత్నమునకు మహాయుద్ధము కారణమయ్యెను. తలలో తూటాలు దిగిన సైనికులు వేలకొలది ప్రాణములతో తిరిగి రాగా, కుర్ట్ గోల్డ్‌స్టీన్ అను వైద్యుడు 1916లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున వారికై ప్రత్యేకముగా నొక సంస్థను నెలకొల్పెను. అచ్చట మంచములే కాదు, పని నేర్పు శాలలు కూడ నుండెను. రోగికి ఏమి పోయినదని మాత్రమే గాక, ఏమి మిగిలినదని కూడ ఆయన చూచెను.

రెండవ యుద్ధకాలమున రష్యాలో లూరియా అను పండితుడు ఈ పనిని ఇంకను ముందునకు గొనిపోయెను. 1943లో గాయపడిన జసెత్స్కీ అను సైనికుడు ఆయన యొద్దకు వచ్చెను. అక్షరములన్నియు మరచినవాడు. ఒక్కొక్క అక్షరమును తలచుకొని వ్రాయబోయిన చేయి కదలదు. ఆలోచింపక, చేయి యెత్తక, మాట మొత్తము ఒక్కసారిగా వ్రాయుమన్నారు. చేయి దానంతట నదియే వ్రాసెను! ఒక బాట కూలినను, అలవాటను మరియొక బాట మిగిలియుండెనన్నమాట. తాను వ్రాసినదానిని తానే చదువుకొనుట మాత్రము ఆతనికి మిక్కిలి కష్టము. అయినను దాదాపు ఇరువదియైదేండ్లు తన కథను తాను వ్రాసికొనెను.

మనదేశమున 1949లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో జాకబ్ చాండీగారు మెదడు శస్త్రచికిత్సా విభాగమును ప్రారంభించిరి. శస్త్రమునకు పిమ్మటి చికిత్సకు ఆ వెల్లూరుననే గట్టి పునాది వేసినవారు మేరీ వర్గీసుగారు. 1954లో మోటారు ప్రమాదమున వెన్నెముక దెబ్బతిని ఆమె కాళ్ళు పడిపోయినవి. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్స చేసిరి. న్యూయార్కునకు పోయి ఈ విద్య నభ్యసించి వచ్చిరి. 1966లో వెల్లూరున ప్రత్యేక పునరావాస సంస్థ వెలసెను. పునరావాసమన్న ఇల్లు కట్టించి యిచ్చుట యని మనవారనుకొందురు. ఇచ్చట దాని యర్థము, మనిషిని తన యింటిలో తాను మసలుకొనునట్లు చేయుట.

ఇక మన ప్రాంతము మాట. 1948 నాటి కార్మిక రాజ్య బీమా చట్టము కార్ఖానా కూలికి చికిత్సయు, గాయపడినపుడు భత్యమును ఏర్పరచినది. నాచారమున ఈ.ఎస్.ఐ. దవాఖాన నేటికిని గలదు. తాటిచెట్టెక్కువాని పేరు ఏ కార్ఖానా హాజరుపట్టీలోను లేదు గనుక ఆ నీడ వానికి దక్కలేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదున 108 బండ్లు మొదలైనవి. బాటమీద చనిపోవలసినవారు కొందరు దవాఖానకు చేరుచున్నారు. ప్రాణము దక్కినవారు పెరిగినకొలది ఈ రెండవ చికిత్స యక్కరయు పెరిగినది.

గడచిన యేడు నాచారమువైపు నట్టి చికిత్సాలయమున నొక బంధువును చూడబోయితిని. గొంతు సరిగా మ్రింగునో లేదో చూచి గాని ముద్ద పెట్టరు. రెండు కమ్ముల నడుమ నిలువబెట్టి అడుగులు వేయింతురు. గోడమీది పలకపై వారము, తేదీ, ఊరు పెద్ద యక్షరములతో వ్రాసియుండును. గదిలో సందడి చేయనీయరు. అలసట కలిగిన కోపము రేగును. మొదటి నెలలలో మార్పు వేగముగా కనబడును, ఏండ్లు గడచినను కొంతకొంత వచ్చుచునే యుండునని అచ్చటి వైద్యురాలు చెప్పినది. ఒక మూల నొకామె తన పెనిమిటి చేత గిన్నెలను వరుసగా పేర్పించుచుండెను. ఆ వరుస చూచి నేను నిలిచిపోయితిని.

మా గౌడ యువకుని భార్య కూడ నంతే చేసినది. తెల్లవారగానే కల్లుకుండలను వానిచేత కడిగించి, ప్రతిదినము ఒకేచోట, ఒకే వరుసలో బోర్లింపజేసెడిది. కేకలు వేసిన యెడల బదులు పలుకక నీడకు తీసికొనిపోయి కూర్చుండబెట్టెడిది. ఆమెకు గోల్డ్‌స్టీన్ తెలియడు, లూరియా తెలియడు. రెండేండ్లకు వాడు దుకాణమున కూర్చుండి, మెల్లగానే యైనను, చిల్లర తప్పు లేకుండ లెక్కించెను. చెట్టు మాత్రము మరల ఎక్కలేదు.

నేను వ్రాసిన కాగితము ఇప్పటికిని నా పెట్టెలో నున్నది. పెద్దల సంతకములన్నియు నున్నవి. ఆమె వ్రేలిముద్ర వేయవలసిన చోటు ఖాళీగా నున్నది.